పట్టీ ఊడదీసిన రోజుతో పరీక్ష అయిపోదు

(సంఘం శిక్షణ తరగతుల్లో ఆరోగ్యంపై చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి, నకిలీ విత్తనాల గురించి మాట్లాడుకున్నాం. ఈ గంట ఒంటి మీద దురద గురించి మాట్లాడతాం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. రాత్రంతా గోక్కుని, పొద్దున్నే పొలానికి పోలేక, ఏళ్ల తరబడి సూదులకూ ట్యూబులకూ పోసిన డబ్బు లెక్క వేసుకున్నవాళ్లకు ఇది చిన్నది కాదు. కలుపు తీయలేక, మందు కొట్టలేక, ఉన్న రెండెకరాలు కౌలుకిచ్చి ఇంట్లో కూర్చున్నవాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు.

సభ్యత్వం కోసం ఊళ్లు తిరిగేటప్పుడు కొందరు ఆసుపత్రి చీటీలు తెచ్చి మాకు చూపిస్తారు. వాళ్లలో ప్యాచ్ టెస్టు దాకా వెళ్లినవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమంది చీటీల మీద కూడా చాలావాటిలో 'నెగెటివ్' అనే ఉంటుంది. పట్టీలు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు చూశారు అని అడిగితే ఒకటే జవాబు: ‘సోమవారం పెట్టారు, బుధవారం తీశారు, ఇప్పటికి ఏమీ లేదన్నారు. శుక్రవారం మళ్లీ రమ్మన్నారు గానీ మిరపకోత మొదలైంది, పోలేదు.’ అంటే పరీక్ష సగంలో ఆగింది. చీటీ మీద మాత్రం మొత్తం అయిపోయినట్టు ఒక మాట మిగిలింది. ఆ మాట నమ్మి ఆ రైతు మళ్లీ అదే మందు అదే చేత్తో కలుపుతున్నాడు.

మేం డాక్టర్లం కాదు. ఏ మందు వాడాలో చెప్పే పని మాది కాదు. అయితే ఈ పరీక్షను ఏ రోజున చూడాలి, ఎందుకు చూడాలి అన్నది ప్రతి రైతుకూ తెలియాల్సిన సంగతి. ఆ రోజుల్లో ఆసుపత్రికి వెళ్లాల్సింది మనమే, కూలి పోగొట్టుకునేదీ మనమే.

ముందు ఒక తేడా చెప్పుకుందాం. మిరపకాయలు కోసే ఆడవాళ్లందరికీ చేతులు మండుతాయి. అది ఘాటు వల్ల వచ్చే మంట. ఎవరి చేతులైనా మండాల్సిందే. అదే చేలో పదిమంది కలుపు తీస్తుంటే ఒక్కరికి మాత్రం మర్నాడు కనురెప్పలు వాచి, మెడ మీద పొక్కులు లేచి, మోచేతి మడతలు పచ్చిపుండులైతే అది ఎలర్జీ కావచ్చు. మొదటిది చర్మాన్ని నేరుగా కాల్చేది. రెండోది ఒంట్లోని రక్షణ కణాలు ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, అది మళ్లీ తగిలినప్పుడల్లా తిరగబడటం. ఈ తిరగబడటం వెంటనే జరగదు. చర్మంలోకి దిగిన పదార్థాన్ని కాపలా కణాలు పట్టుకోవాలి, దాన్ని గుర్తుపెట్టుకున్న తెల్లకణాలకు కబురు అందాలి, అవి రక్తంలో ప్రయాణం చేసి ఆ చోటికి చేరాలి. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అందుకే సోమవారం తగిలినదానికి బుధవారం పొక్కులు లేస్తాయి. మనం బుధవారం తిన్న వంకాయను తిట్టుకుంటాం.

‘ఎలర్జీ టెస్టు’ అని ఊరికే అంటే సరిపోదు. చేతి మీద చిన్న చుక్కలు పెట్టి సూదితో గుచ్చి, 15, 20 నిమిషాల్లో చూసేది ఒకటి ఉంది. అది తుమ్ములకు, ఉబ్బసానికి, వెంటనే లేచే దద్దుర్లకు సంబంధించింది. రక్తం తీసి పొడవాటి జాబితా ఇచ్చే పరీక్ష కూడా ఆ జాతిదే. వేలకు వేలు పెట్టి ఆ జాబితా తెచ్చుకుని పప్పు మానేసి, వంకాయ మానేసి, గుడ్డు మానేసి నీరసపడిపోయినవాళ్లను చూశాం. చేతుల మీద ఎండిపోయి పగిలే తామర లాంటి జబ్బుకు ఆ పరీక్ష జవాబు చెప్పదు. తాకుడు వల్ల వచ్చే ఎలర్జీకి దారి ప్యాచ్ టెస్టు.

ఈ పరీక్ష కొత్తదేమీ కాదు. యడాసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు 1895లోనే దీన్ని వైద్యుల సభ ముందు పెట్టాడు. పాదరసం మందు పడని రోగుల ఒంటి మీద అదే పాదరసాన్ని కొద్దిగా అంటించి, చర్మం ఏం చేస్తుందో చూశాడు. ఇప్పటికీ సూత్రం అదే. చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టీల్లో ఒక్కొక్క పదార్థాన్ని తగిన పాళ్లలో పలచన చేసి పెట్టి, వీపు పై భాగాన అతికిస్తారు. మన దేశానికి తగ్గట్టు ఒక జాబితా ఉంది. సిమెంటులోనూ, పదును చేసిన తోలులోనూ ఉండే క్రోమియం, గిల్టు నగల్లోని నికెల్, జుట్టుకు వేసే నల్లరంగు, రబ్బరులో కలిపే రసాయనాలు, పుండ్ల మీద రాసే నియోమైసిన్, మనందరికీ తెలిసిన వయ్యారిభామ, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఇక రోజుల లెక్కకు వద్దాం. పట్టీలు 48 గంటలు ఒంటి మీద ఉండాలి. తీసిన వెంటనే చూడకూడదు. పట్టీ ఒత్తిడికే అక్కడ కాస్త కందుతుంది, అది తగ్గడానికి పావుగంట నుంచి గంట దాకా ఆగాలి. అప్పుడు మొదటిసారి చూస్తారు. పెట్టిన దగ్గర నుంచి 72 గంటలకో 96 గంటలకో రెండోసారి చూడాలి. వారం రోజులకు మూడోసారి. 2015లో ఐరోపా నిపుణులు రాసిన మార్గదర్శకాలు ఈ మూడుసార్లనూ చెబుతున్నాయి. ఏడో రోజున చూడకపోతే ఉన్న ఎలర్జీల్లో నూటికి 7 నుంచి 30 దాకా దొరక్కుండా పోతాయని కూడా వాళ్లే రాశారు. ఏడో రోజు సంగతి అలా ఉంటే, మన సభ్యుల్లాగా రెండో రోజుతోనే ఆగిపోయినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఎందుకిన్నిసార్లు? మొలక పరీక్షను గుర్తు చేసుకోండి. విత్తన పరీక్ష కేంద్రంలో వరికి మొదటి లెక్క 5వ రోజున, చివరి లెక్క 14వ రోజున చూస్తారు. పత్తికి 4వ రోజున, 12వ రోజున. వేరుశనగకు 5న, 10న. ఎవరైనా రెండో రోజున వరి గింజలు చూసి ‘ఇది మొలవదు’ అని రాసిస్తే మనం ఊరుకుంటామా? చర్మం మీద పెట్టిన పదార్థాలూ అంతే, ఒక్కోటి ఒక్కో రోజున మొలుస్తుంది. కొన్ని సువాసన పదార్థాల వంటివి రెండో రోజుకే లేచి వారానికి మాసిపోవచ్చు. అందుకని రెండో రోజు చూడటం మానకూడదు. చాలావరకు నాలుగో రోజుకు బాగా కనబడతాయి. ఒక్కసారే చూడగలిగితే ఆ రోజుల దగ్గరే చూడాలంటారు, కానీ ఒక్కసారి చాలదు. బద్ధకంగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. నియోమైసిన్ అలాంటిది, కొన్ని లోహాలు అలాంటివి. అన్నిటికన్నా విచిత్రం స్టెరాయిడ్ మందులు.

దీని దగ్గర కాస్త ఆగాలి. మన ఊళ్లలో దురద అంటే మొదట చేతికొచ్చేది మందుల షాపులో ఇచ్చే ట్యూబు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, చాలాసార్లు నియోమైసిన్ కూడా కలిసి ఉంటుంది. రాస్తే రెండు రోజులు చల్లబడుతుంది, మానేస్తే మళ్లీ లేస్తుంది. కొందరికి ఆ ట్యూబులో ఉన్న మందే ఎలర్జీ అవుతుంది. దాన్ని పరీక్షకు పెడితే ఏమవుతుంది? స్టెరాయిడ్ గుణమే వాపును అణచటం. కాబట్టి పట్టీ మధ్యలో తన వల్ల వచ్చే వాపును తానే అణుస్తుంది. మొదట్లో ఒక్కోసారి అంచు చుట్టూ ఉంగరంలా మాత్రమే ఎర్రబడుతుంది. అసలు రూపం ఏడో రోజు దగ్గర బయటపడుతుంది. ఏడో రోజు రాని మనిషి ఇంటికెళ్లి అదే ట్యూబు రాసుకుంటాడు. పుండుకు కారణమూ అదే, మందూ అదే అని అతనికి ఎవరు చెప్పాలి?

రెండోసారి చూడటంలో ఇంకో ప్రయోజనం ఉంది. కొన్ని పదార్థాలు ఎలర్జీ లేకపోయినా చర్మాన్ని కొంచెం కాలుస్తాయి. అలాంటిది పట్టీ తీయగానే ఎర్రగా కనబడి, శుక్రవారానికి తగ్గిపోతుంది. నిజమైన ఎలర్జీ సాధారణంగా బుధవారం కన్నా శుక్రవారం ఎక్కువవుతుంది, గట్టిపడుతుంది, చిన్న పొక్కులు లేస్తాయి. పెరుగుతోందా తరుగుతోందా అన్నది రెండుసార్లు చూస్తేనే తెలుస్తుంది. ఒక్క బుధవారమే చూస్తే ఉన్నదాన్ని లేదనవచ్చు, లేనిదాన్ని ఉందనవచ్చు. లేనిదాన్ని ఉందంటే ఏమవుతుందంటారా? ఆ మనిషి అనవసరంగా ఒక పని మానేస్తాడు, అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

వయ్యారిభామ దగ్గరికి వద్దాం. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. 1950ల మధ్యలో పూణే దగ్గర గుర్తించారు. అమెరికా నుంచి పీఎల్ 480 గోధుమలతో వచ్చిందని చెప్పుకుంటారు. ఎలా వచ్చినా ఇప్పుడు మన గట్ల మీద, రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో, మార్కెట్ యార్డుల్లో అదే. అందులో ఉండే పార్థెనిన్ అనే పదార్థం తాకుడుతోనే కాదు, ఎండిన ఆకుల పొడి గాలిలో ఎగిరి పడినా చర్మానికి అంటుతుంది. ముఖం, కనురెప్పలు, మెడ, చెవుల వెనక, గడ్డం కింద, మోచేతి మడతలు మొదట దెబ్బతింటాయి. చాలామంది దీన్ని ‘ఎండ పడక’ వచ్చిందనుకుంటారు. ఎండ తగలని కనురెప్ప మడతల్లో, గడ్డం కింద కూడా ఉందా అని చూడండి. ఉంటే గాలిలో వచ్చేదాన్ని అనుమానించాలి. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి నిజంగానే ఎండ కూడా పడకుండా పోతుంది, అప్పుడు పగలు పొలంలో నిలబడటమే కష్టం. చామంతి కూడా ఆ కుటుంబం మొక్కే. చామంతి తోటలవాళ్లలో వయ్యారిభామ ఎలర్జీ ఉన్నవాళ్లకు ఆ పూలు కూడా పడకపోవచ్చు. పంట మార్చాలా, కోత ఇంకొకరికి అప్పగించాలా అన్న నిర్ణయం ఆ పరీక్ష చీటీ మీద ఆధారపడి ఉంటుంది.

ఒక హెచ్చరిక. వయ్యారిభామ ఆకు తెచ్చి చేతికి కట్టి ‘నేనే పరీక్ష చేస్తా’ అనేవాళ్లు ఊళ్లలో ఉన్నారు. పురుగుమందును దూదితో అద్ది చూద్దామనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ చేయకండి. పచ్చి ఆకు వల్ల లేని ఎలర్జీ కొత్తగా పుట్టవచ్చు, ఉన్నది ఒళ్లంతా ఎగబాకవచ్చు. పలచన చేయని పురుగుమందు చర్మాన్ని కాలుస్తుంది, ఒంట్లోకీ దిగుతుంది. ఎంత పలచన చేయాలో తెలిసిన డాక్టరు చేతిలో తప్ప ఆ పని జరగకూడదు. ఆసుపత్రికి మందు డబ్బా మోసుకుపోవద్దు. లేబుల్ ఫోటో తీసుకుపోండి. బ్రాండు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, డాక్టరుకు కావలసింది చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు.

థైరమ్ ఉదాహరణ తీసుకుందాం. విత్తనశుద్ధికి వాడే థైరమ్ పొడి మనకు తెలుసు. వేరుశనగ గింజలకు పట్టించేటప్పుడు చాలామంది ఉత్త చేతులతోనే కలుపుతారు. రబ్బరు తయారీలో రబ్బరు గట్టిపడటానికి కలిపే రసాయనాల్లో కూడా ఇదే థైరమ్ ఉంది. ప్యాచ్ టెస్టు జాబితాలో రబ్బరు కింద పెట్టే థయూరమ్ మిశ్రమంలో ఇది ఒక భాగం. అంటే థైరమ్ పడని రైతుకు ‘చేతులకు తొడుగులు వేసుకో’ అని సలహా ఇచ్చి మామూలు రబ్బరు తొడుగులు ఇస్తే చేతులు ఇంకా పాడవుతాయి. ‘తొడుగు వేసుకున్నా తగ్గలేదు’ అని ఆ రైతు తొడుగు పారేస్తాడు. ఏది పడదో తేలితేనే ఏ తొడుగు కొనాలో తేలుతుంది. ప్లాస్టిక్‌దా, థయూరమ్ కలపని రకమా అన్నది డాక్టరును అడగండి. మాంకోజెబ్, కాప్టాన్, క్లోరోథలోనిల్ వంటి తెగులు మందుల వల్ల కూడా ఎలర్జీ వస్తుందని వైద్య గ్రంథాల్లో నమోదై ఉంది. పురుగుమందులనే కాదు, తెగులు మందులనూ అనుమానించాలి.

ఇక మన వైపు నుంచి ఇబ్బందులు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

రోజులు లెక్కపెట్టడంలోనే తేడా వస్తుంది. మన అలవాటు ప్రకారం మొదలుపెట్టిన రోజునే ఒకటిగా లెక్కిస్తాం. పురిటి లెక్కయినా, చావు లెక్కయినా అంతే. ఆసుపత్రిలో పట్టీ పెట్టిన రోజు సున్నా. సోమవారం పెట్టి ‘నాలుగో రోజు రండి’ అంటే వాళ్ల లెక్క శుక్రవారం, మన లెక్క గురువారం. ఏడో రోజు అంటే వాళ్లకు వచ్చే సోమవారం, మనకు ఆదివారం, ఆ రోజు ఓపీ ఉండదు. కాబట్టి ‘ఎన్నో రోజు’ అన్న మాటతో తృప్తి పడకండి. వారం పేరు, తేదీ, గంట చీటీ మీద రాయించుకోండి. పట్టీలు పెట్టించుకోవడానికి సోమవారమే మంచిది. బుధవారం, శుక్రవారం, మళ్లీ సోమవారం, మూడూ పనిదినాలే. గురువారం పెడితే శనివారం తీయాలి, సోమవారం చూడాలి, మళ్లీ గురువారం. అదీ కుదురుతుంది. శుక్రవారం పెడితే మాత్రం తీయాల్సిన రోజు ఆదివారం అవుతుంది. మధ్యలో పండగ సెలవు ఉందేమో కూడా ముందే చూసుకోవాలి.

ఆ వారమంతా వీపు మనది కాదనుకోవాలి. పట్టీలు అతికించే చోటు సరిగ్గా మందు పంపు ఆనే చోటే. తైవాన్ పంపు వీపున తగిలించుకుంటే పట్టీలు ఊడతాయి, పట్టీలు తీసేశాక అయితే గుర్తులు చెరిగిపోతాయి, చర్మం ఒరుసుకుని ఏది ఎలర్జీయో తెలియకుండా పోతుంది. మూటలు మోయడం, దమ్ము చేయడం, చెమట కారే పని ఏదైనా అంతే. రెండోసారి చూసేదాకా వీపు తడపకూడదు, మిగతా ఒళ్లు తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. దురదపెట్టినా గోకకూడదు. ఏదైనా పట్టీ కింద భరించలేనంత మంట ఉంటే ఓర్చుకుని కూర్చోవద్దు, ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పి వాళ్లు చెప్పినట్టు ఆ ఒక్కటి తీసేయండి. పట్టీ ఎక్కడ ఉందో తెలియడానికి సిరాతో గీతలు గీస్తారు. అవి చెరిగితే శుక్రవారం చూసినా ఏ పొక్కు ఏ పదార్థానిదో ఎవరూ చెప్పలేరు. మన వీపు మనకు కనబడదు కాబట్టి ఇంట్లో ఒకరు రోజూ చూసి, మాసిన గీత మీద మళ్లీ గీయాలి. ఇది ఇంట్లోవాళ్ల పని, వాళ్లనూ ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి.

ఏ కాలంలో చేయించుకోవాలి? ఏప్రిల్, మే ఎండల్లో చెమటకు పట్టీలు నిలవవు. తొలకరి నుంచి కలుపు తీత దాకా ఎవరికీ తీరదు. మన దగ్గర చాలా పంటలకు సంక్రాంతి అటూ ఇటూ ఉన్న చలి రోజులే మేలు. మిరప, పత్తి వాళ్లకు అప్పుడు కూడా కోతలే, వాళ్లు ఒక వారాన్ని ముందే పక్కన పెట్టుకోవాలి. జబ్బు బాగా రేగి ఒళ్లంతా పుండ్లుగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయరు, కాస్త అణగాలి. అలాగని అణచడానికి స్టెరాయిడ్ సూది వేయించుకుని వెళ్తే పరీక్ష దండగ. ఆ సూది ప్రభావం కొన్ని వారాలు ఉంటుంది, అంతకాలం ఒళ్లు తిరగబడదు, పట్టీల కింద ఏమీ లేవదు. ఊళ్లో వేసే సూదిలో ఏముందో మనకు చెప్పరు. వేయించుకుని ఉంటే ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, వీపు మీద ట్యూబు రాస్తున్నా అంతే. ఎవరికి వారు మాత్రలు ఆపేయకండి, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానేస్తే ప్రమాదం. ఎన్ని రోజులు ఆగాలో డాక్టరే చెప్పాలి.

ఆడవాళ్లకు ఇంకో బాధ ఉంది. ఆడమనిషి వీపు చూపించాలి, మూడుసార్లు, ఒక్కోసారి పదిమంది విద్యార్థుల మధ్య. ఒకసారి వెళ్లి మళ్లీ వెళ్లని అక్కలు చాలామంది అసలు కారణం ఇదేనని మా మహిళా కార్యకర్తలతో చెప్పారు. తెర కావాలి, ఆడ నర్సు కావాలి. ఇది అడగడానికి సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు.

‘ఇంత దూరం ఎందుకు, శుక్రవారం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే పోదా’ అని యువకులు అడుగుతున్నారు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఫోటో అసలు లేనిదానికన్నా నయమే. కానీ మన నల్లటి చర్మం మీద ఎరుపు ఫోటోలో సరిగా పడదు. డాక్టరు వేలితో తడిమి చూస్తాడు, గట్టిగా ఉబ్బిందా, చిన్న చిన్న గింజల్లా తగులుతోందా అని. ఆ తడిమి చూసే వేలు ఫోన్‌లో రాదు. కాబట్టి మేం కోరేది ఫోన్ ఒక్కటే కాదు. వీపును తడిమి, గుర్తించి, రాసి పంపగల డాక్టరు దగ్గరలోని ఏరియా ఆసుపత్రిలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఉండాలి. పెద్దాసుపత్రిలో పట్టీలు పెట్టిన రోగిని శుక్రవారం, సోమవారం అక్కడే చూడాలి. పెద్ద చదువు అక్కర్లేదు, కొద్దిపాటి శిక్షణ చాలు.

తెలంగాణలో ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఆంధ్రలోనూ చాలా జిల్లాల్లో ఉన్నాయి. భవనం ఉంది, బోర్డు ఉంది. చర్మ విభాగంలో ప్యాచ్ టెస్టు పదార్థాలు ఉన్నాయా, గడువు దాటలేదా, వయ్యారిభామ పట్టీ ఉందా అని అడిగే హక్కు మనకు ఉంది. ఉందంటే ఏ వారం పెడతారో అడగాలి. లేదంటే ఆ మాట కాగితం మీద తీసుకోవాలి. ఏడు రోజుల్లో నాలుగుసార్లు పట్నం పోవాలంటే బస్సు చార్జీలు, నాలుగు రోజుల కూలి, పక్కన ఒక మనిషి కూలి కలిపి ఎంతవుతుందో మీకు తెలుసు. ఉచిత పరీక్ష అని రాసి ఉన్నా అది ఉచితం కాదు. ఆ రోజులకు కూలి భత్యం ఇవ్వాలని, దూరం ఊళ్లవాళ్లకు ఆసుపత్రిలోనే బస ఇవ్వాలని, ఫలితం తెలుగులో రాసివ్వాలని, అందులో పట్టీలు పెట్టిన తేదీ, చూసిన మూడు తేదీలు తప్పక ఉండాలని జిల్లా అధికారులకు ఇచ్చే వినతిపత్రంలో పెట్టాం. మూడు తేదీలు లేని ‘నెగెటివ్’ను ఎవరూ చివరి మాటగా తీసుకోవద్దు. ఇప్పటికే అలాంటి చీటీ ఉన్నవాళ్లు దాన్ని పారేయకుండా డాక్టరుకు చూపించి, మళ్లీ చేయించుకోవాలా అని అడగండి.

ఒక మాట మర్చిపోయాం. ఏడో రోజు కూడా ఏమీ లేదని చెప్పాక, ఆ తర్వాత ఎప్పుడైనా, రెండు వారాలకు కావచ్చు, పాత పట్టీ చోట పొక్కు లేస్తే ఊరుకోకండి. అది బాగా ఆలస్యంగా వచ్చిన జవాబు కావచ్చు, లేదా పరీక్ష వల్లే కొత్తగా మొదలైన ఎలర్జీ కావచ్చు. అరుదే, కానీ చూసి రాసుకోవాల్సింది డాక్టరే. ఏ రోజున లేచిందో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని వెళ్లండి.

వయ్యారిభామ ఎలర్జీ తేలినవాళ్ల ఊళ్లలో సంఘం చేయాల్సిన పని వేరే ఉంది. ఆ మనిషిని ఊరొదలమని చెప్పలేం కదా. ఆయన ఇంటి చుట్టూ, పొలానికి పోయే దారి పొడవునా ఆ గడ్డిని పూత రాకముందే పీకాలి. ఆయన చేత కాదు, ఆ ఎలర్జీ లేనివాళ్ల చేత, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని. వానలు పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా వస్తుంది. ఆకులు తినే మెక్సికన్ పెంకు పురుగును 1980లలోనే బెంగళూరు నుంచి మన దేశంలో వదిలారు. అది పనిచేస్తుంది గానీ అన్ని చోట్లా, అన్ని కాలాల్లో కాదు. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ నిర్మూలన వారం జరుపుతారు. పంచాయతీలు ఆ వారంలో బ్యానరు కట్టి ఫోటో దిగి పోతుంటాయి. ఈసారి ఎవరి ఇంటి చుట్టూ పీకాలో పేర్లతో సహా మనం చెబుదాం.

పరీక్షకు వెళ్లాల్సినవాళ్ల పేర్లు మండల కార్యదర్శి దగ్గర రాయించండి. ఒక్కొక్కరు విడివిడిగా కాకుండా ఐదారుగురు కలిసి ఒకే సోమవారం వెళితే ఆటో ఖర్చు తగ్గుతుంది, శుక్రవారం ఎగ్గొట్టేవాళ్లూ తగ్గుతారు. వెళ్లేటప్పుడు రాసుకునే ట్యూబులు, వాడే మందుల లేబుల్ ఫోటోలు, చేతి తొడుగులు, చెప్పులు, జుట్టు రంగు డబ్బా ఒక సంచిలో వేసుకోండి. పాత చొక్కానో, వదులు రవికెనో వేసుకోండి, సిరా మరక అంటుకుంటుంది.